శివారు నీరు

గోగులంక సంఘం మినిట్సు పుస్తకం
పందొమ్మిదేళ్ళుగా నా సంచిలోనే ఉంది.
ఆదివారం సాయంత్రం, కాలవ గట్టున మందిరం,
రేకుల మీద కొబ్బరి మట్ట రాసుకుంటోంది.
తేదీ వేశాను. హాజరు: నలభై ఒకరు.
విషయం: మూడో పెద్ద ఎన్నిక.

చెప్పుకోవాలి కదా, ఆ రోజు నేను
తెల్ల చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించాను.

మా సంఘానికి పాస్టరు గారంటూ ఒకరు లేరు.
మొదట్నించీ పెద్దలే, అదీ ఇద్దరో ముగ్గురో.
ఒక్కడి చేతికే తాళాలిస్తే
తలుపు వాడి ఇంటి వైపు తెరుచుకుంటుందని
మా తాతల నాటి భయం.

గెద్దాడ జెకర్యా గారు లేచారు.
ముప్పయ్యేళ్ళు లాకుల దగ్గర లస్కరు.
దారంతో కట్టిన కళ్ళజోడు సర్దుకుని
అపొస్తలుడి ఉత్తరంలో ఆ భాగం చదివారు,
షట్టరు మర తిప్పినట్టు, పన్ను పన్నుకీ ఆగి:
కొట్లాటకి పోనివాడు. డబ్బు మీద ఆశ లేనివాడు.
గుమ్మంలోకొచ్చిన మనిషికి అన్నం పెట్టేవాడు.
బోధించగలవాడు.
తన ఇల్లు తాను చక్కబెట్టుకున్నవాడు.

ఒక్కో మాటకీ ఒక్కో తల వంగింది.
కాంట్రాక్టరు ఆనందపాల్ ఫోను బోర్లించి పెట్టాడు.
మైకు సెట్టు అతనిచ్చిందే. గచ్చు మీద రాయీ అతనిదే,
రాయి మీద పేరూ అతనిదే.
నా కలం 'ఇల్లు' దగ్గర ఆగింది.
అన్నయ్యతో అరసెంటు గట్టు తగువు,
కోర్టులో ఎనిమిదో వాయిదా.
ఇస్త్రీ మడత చెమటకి మెత్తబడింది.

"బయటివాళ్ళ దగ్గర మంచిపేరు కూడా ఉండాలంట.
ఏటా చదువుతున్నాం గానీ, ఒక్కసారైనా
వెళ్ళి అడిగామేటండీ బయటివాళ్ళని?"

ఎవరూ పలకలేదు.
కాలవలో గుర్రపుడెక్క కొంచెం జరిగింది.

ముగ్గురం వెళ్ళాం.
వంతెన దగ్గర టీ కొట్టు నూకరత్నం
గ్లాసులు కడుగుతూ నవ్వింది.
"మీ పెద్ద ఎవరో నన్నడుగుతారేటండీ?
ఆయ్, పేరు తెలీదు గానీ,
వరదలో పడవ తాడు పట్టుకుని
మా పేటంతా ఎక్కేదాకా పీకల్లోతు నీళ్ళలో ఉన్నాడే,
నత్తిగా మాట్లాడతాడు, ఆయన."

ఒబేదు.
ప్రభువు బల్ల అయ్యాక గిన్నెలు తోమే ఒబేదు.

తిరిగొచ్చి చెప్పేసరికి ఆనందపాల్ లేచాడు:
"బోధించగలవాడని ఉంది కదండీ.
నోరు తిరగనోడు ఏం బోధిస్తాడు?"
న్యాయమైన ప్రశ్నే. నేనూ లోపల తలూపాను.

వెనక చాప మీంచి విధవరాలు మణెమ్మ అంది:
"శుక్రవారం శుక్రవారం బియ్యం తెస్తాడు బాబూ.
మెట్టు మీద కూచుని ఒక్క వచనం చదువుతాడు.
పావుగంట పడుతుంది.
ఆ పావుగంటలో అర్థమైనంత
మైకులో నాకెప్పుడూ కాలేదు."

జెకర్యా గారు చాలాసేపు కళ్ళజోడు తుడిచారు.
"లాకు దగ్గర నీళ్ళెప్పుడూ నిండుగానే ఉంటాయి.
లస్కరు పనితనం అక్కడ తెలీదు.
శివారు చేలో నారు పచ్చగుందా లేదా, అదే లెక్క.
నీళ్ళు లస్కరువి కావు."

ఒబేదు నిలబడి, గోడ పట్టుకుని,
"నా... నాకు... వారం రోజులు... ప్రార్థన చేసుకోనివ్వండి" అన్నాడు.
ఎవరూ అతని మాట పూరించలేదు.
మొదటిసారి అందరం ఆగాం.

రాశాను: నిర్ణయం వచ్చే ఆదివారానికి వాయిదా.
'వాయిదా' అని రాస్తుంటే చెయ్యి ఒణికింది.

రాత్రి చేలగట్టు మీద వెళ్తూ చూశాను.
నా మడి నిండి వెన్నెల తేలుతోంది.
దిగువన అన్నయ్య చేను నెర్రెలిచ్చింది.
మడవ నా వైపే ఉంది, నేనే కట్టాను.

తెల్ల చొక్కా విప్పి గట్టు మీద పెట్టి
పార అందుకున్నాను.