బీగంచెవి పొడవు

ఈ బీగంచెవి నా చేతికిచ్చిన రోజు
తొడ దాకా వచ్చేది.
ఇప్పుడు నిలబెడితే గడ్డానికి తగుల్తుంది.

నేను కుంగలేదు, రోడ్డే లేచింది.
ఎలక్షనుకోసారి తారు పోస్తారు,
కేబుళ్లకని తవ్వి మళ్లీ పోస్తారు,
పోసినప్పుడల్లా నా వాల్వు జానెడు లోతుకి పోతుంది.
పుట్టేనహళ్లి మలుపులో వెల్డింగు షాపు చాంద్ పాషా
నాలుగుసార్లు అతుకేశాడు దీనికి.
"ఊరు పెరిగిపోతా ఉంది మునిచౌడప్పా,
నీ ఇనుము చాలడంలా" అంటాడు.
డబ్బులు మాత్రం లెక్కపెట్టుకుంటాడు.

నూరు కిలోమీటర్ల అవతల్నుంచి
మిట్టలెక్కి అలిసిపోయిన కావేరి
నా దాకా వచ్చేసరికి రాత్రి రెండున్నర.
ఏడో క్రాసుకి పదకొండు చుట్లు, ఎడమకి.
గణపతి గుడి సందుకి ఆరున్నర.
ఏడో చుట్టు తిప్పితే కింద పైపు దగ్గుతుంది.
చెవి ఇనుముకి ఆనించి వినాలి.
ముందు గాలి వస్తుంది, పాము బుసలాగా.
తర్వాత గులకరాళ్లు దొర్లినట్టు.
తర్వాత ఏ చప్పుడూ ఉండదు.
అదే నీళ్లు.

చేరినప్పుడు నాకు మూడు వీధులు.
ఇటు రాగి చేలు, అటు గులాబీ తోట,
ఒక ఇటుకల బట్టీ, పొద్దుగూకితే నక్కల ఊళ.
ఇప్పుడు నలభై ఆరు వీధులు.
అదే పైపు, అదే నేను.
ఒక్క సంగటి ముద్ద చేతిలో పెట్టి
పెళ్లిపందిరికంతా వడ్డించమన్నట్టుంది.

వీధుల్లో మనుషుల పేర్లు తెలీవు, తిట్లు తెలుసు.
మూడో మెయిను ముసలాయన ఇంగ్లీషులో తిడతాడు.
చివరింటి చిక్కతాయమ్మ కన్నడంలో, ప్రాస కుదిర్చి.
మేడ మీది సేఠ్ల ఆవిడ తిట్టదు,
గేటు తెరిచి ఊరికే చూస్తుంది.
ఆ చూపు చాలా రోజులుంటుంది.

నోటు మడిచి ఇచ్చేవాళ్లూ ఉన్నారు.
రెండుసార్లు తీసుకున్నాను.
ఒకసారి పిల్ల కాన్పుకి.
ఇంకోసారి ఎందుకో చెప్పను.

బేగూరు అవతల మా ఇంటికి కొళాయి రాలేదింకా,
ట్యాంకరే దిక్కు.
దాని మీద నా భార్య జోకులేయడం మానేసి
చాలా ఏళ్లయింది.

పోయిన నెల ఆఫీసునుంచి నూర్‌జబీన్ మేడమ్ వచ్చింది,
చేతిలో పలకంత ఫోను.
"వాల్వులన్నీ మ్యాపులో ఎక్కించాలన్నా.
రేపు నువ్వు రిటైరైతే
నీళ్లెక్కడున్నాయో ఎవరికీ తెలీదు" అంది.
గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.
నాలుగు రోజులు తిరిగాం.
ఫుట్‌పాతు టైల్సు కింద ఒకటి,
పానీపూరి బండి చక్రం కింద ఒకటి,
మూడేళ్లుగా కదలని ఎవరిదో కారు కింద ఒకటి.
నేను మడమతో తట్టి చూపిస్తే
ఆమె వేలితో నొక్కేది, ఎర్రచుక్క పడేది.
చివరికి నూట ముప్పై ఏడు.
నా ఇరవై ఎనిమిదేళ్ల రాత్రులు
తెర మీద తట్టు పోసినట్టున్నాయి.

మెట్రో స్తంభం వెనక, కంపచెట్లలో
ఒక పాత మూత ఉంది.
దాని మీద కాలు పెట్టే నిలబడ్డాను.
అవతల రేకుల ఇళ్లు, యాభైమూడు.
రాయచూరు వాళ్లు, మదనపల్లె వాళ్లు, అస్సాం వాళ్లు,
ఎదురుగా ఆ పద్నాలుగంతస్తులకి సున్నం దాకా చేసినవాళ్లు.
వాళ్లకి నేను తిప్పేది మూడే చుట్లు,
నలభై నిమిషాలు.
ఆ గొట్టం ఏ కాగితంలోనూ లేదు.
నా ముందున్న పిల్లప్ప బీగంచెవి ఇస్తూ
అది చూపించి రెండే మాటలన్నాడు.
"అడగొద్దు. మరవొద్దు."

"ఇంకేమన్నా ఉన్నాయా అన్నా?"
"లేవు మేడమ్."
ఆమె నా చెప్పుల వైపు కాసేపు చూసి
ఫోను బ్యాగులో పెట్టేసింది.

వచ్చే మార్చికి నా పని అయిపోతుంది.
నా చోటికొచ్చే కుర్రాడు
బీగంచెవి ఎత్తిచూసి నవ్వాడు, ఇంత బరువా అని.
వాడికింకా ఆ మూత సంగతి చెప్పలేదు.
ముందు గాలికీ నీళ్లకీ తేడా వినడం రావాలి.

ఈ వారం మళ్లీ రోడ్డు పోస్తున్నారు, ఈసారి సిమెంటు.
పొద్దున్నే వాణ్ణి చాంద్ పాషా దగ్గరికి పంపాను,
ఇంకో అతుక్కి.