మెడలో మూట

కుతాయిసిలో, రియోని నది వైపు దిగే వీధిలో
మా ల్యాబుకి ఎదురుగానే మాల్ఖాజ్ రొట్టెల కొట్టు.
తొమ్మిదేళ్లుగా అతని రొట్టె తింటున్నాను.
అతను నా చేతికి సీసా ఇచ్చింది మాత్రం
మొన్న ఫిబ్రవరిలోనే,
చొక్కా లోపల వెచ్చగా దాచి తెచ్చి,
నా మొహం చూడకుండా.

మైక్రోస్కోపు కింద వందలో ఎనిమిది కదిలాయి.
మిగతావాటిలో చాలావాటికి
మెడ దగ్గర చిన్న మూట.

ఆ మూట సంగతి చెప్పాలి.
మొదట్లో అవి గుండ్రంగా ఉంటాయి,
గుడ్డ కింద పెట్టిన పిండిముద్దల్లా,
ఒకదాన్నొకటి సన్నటి వంతెనలతో పట్టుకుని.
అసలు పని ఆ తర్వాత.
తాతముత్తాతల రాతనంతా
తలలో ఇమిడేదాకా మడిచి మడిచి బిగించాలి.
తోక సాగాలి.
మెడ కింద కణికల వరుస చుట్టుకోవాలి.
ఇక చాలని, ఉన్న ఒళ్లంతా ఒలిచి పారెయ్యాలి.
పారేసినదాన్ని పక్కనున్న దాదికణం
చప్పుడు చెయ్యకుండా మింగేస్తుంది.
మూట దించనిది ఈదలేదు.

దించినా ఈత వెంటనే రాదు.
విప్పి పరిస్తే ఆరు మీటర్లుండే గొట్టంలో
రెండు వారాలు నెమ్మదిగా నడిచొస్తేనే
కదలడం తెలుస్తుంది.
అంతా కలిపి మూడు నెలలు.
అంటే ఫిబ్రవరిలో నేను లెక్కపెట్టింది
నవంబరు నాటి వేడిని.

"అక్కడ ఒంటికన్నా రెండు డిగ్రీలు చల్లగా ఉండాలి,
మీరేమో..." అని ఆగింది డాక్టర్ లమారా.
అతనేమో పదహారో ఏటినుంచీ
బావిలాంటి మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి
గోడకి రొట్టె అంటిస్తున్నాడు.
ముంజేతుల మీద వెంట్రుకలు లేవు.

ఆరేళ్లు సూదులన్నీ ఎతేరికే.
మాత్రలూ, అత్తగారి కషాయాలూ,
ఏ నెలకానెల వచ్చే ఆ చూపులూ ఆవిడకే.
అతన్ని కూడా అడగాలని
ఆరేళ్లలో ఎవరికీ తోచలేదు. మాకూ తోచలేదు.

మార్చినుంచి పొయ్యి దగ్గర ఎతేరి నిలబడింది.
మొదటి వారం సగం రొట్టెలు గోడ జారి నిప్పుల్లో పడ్డాయి.
అతను గల్లాపెట్టె వెనక కూర్చుని
చిల్లర మూడుసార్లు లెక్కపెట్టేవాడు,
పిండిగిన్నె మీద గుడ్డ సర్దేవాడు,
మళ్లీ సర్దేవాడు.
పిండి కొద్దీ రొట్టె అంటాం.
పులిసేదాకా ఆగడం గురించి ఎవరూ చెప్పరు.

జూన్ మధ్యలో మళ్లీ సీసా.
ఈసారి నా మొహంలోకే చూశాడు.
వందలో ముప్పైతొమ్మిది.
నమ్మక ఇంకో చుక్క పెట్టి మొదటినుంచీ లెక్కపెట్టాను:
నలభై ఒకటి.
మెడలో మూట అక్కడక్కడా, అంతే.

ఇది బిడ్డ కాదు. ఒక అంకె.
కాగితం మీద రాసి డాక్టరు బల్ల మీద పెట్టాను,
చెప్పాల్సింది ఆవిడ.

సాయంత్రం వీధి దాటి వెళ్లాను.
రెండు కొసలూ సాగిన షోతి రొట్టె,
ఒక కొస నల్లగా మాడింది.
పొయ్యిలోంచి లేచిన ఎతేరి
కనుబొమల మీద చెమట తుడుచుకోకుండా
నా కళ్లలో ఏదో వెతికింది.

"ఇంకొకటి కూడా ఇవ్వు" అన్నాను,
"మాడిందైనా ఫర్వాలేదు."