తొంభై మిల్లీలీటర్లు

ఆరింటికి ఒక నిమిషం తక్కువ.
వైపర్లు ఆపేసి కారులోనే కూర్చున్నాను.
రూసెలారె దాటాక, చక్కెరదుంపల చేల మధ్య
ఎర్ర ఇటుకల ఇల్లు. అటక మీద పావురాల గూడు.
ఆరు నుంచి ఏడు దాకా ఇక్కడే ఉంటానని
మార్యోలైన్ ఎప్పుడో రాసిచ్చింది.
మూడు నెలల తర్వాత ఏ మంచం మీద లేస్తామో
మనలో ఎంతమంది రాసివ్వగలం?

గంట నొక్కాను.
ముందు లేచింది పసిపాప ఏడుపు.
తర్వాత దీపం. తర్వాత ఆమె,
చంకలో పాప, చెదిరిన జుట్టు.
నా మెడలో కార్డు చూసి
"మళ్ళీ మీరేనా" అంది.
కోపంగా కాదు. పాలవాడితో అన్నట్టు.

ఇక ఆమె నా కంటి ముందు నుంచి కదలకూడదు.
కదిలితే నేనూ కదలాలి.
పాపకి పాలిస్తుంటే ఎదురుగా కూర్చున్నాను.
"రావట్లేదు," అంది. "ఒంట్లో నీళ్ళన్నీ రాత్రంతా ఇదే తాగేసింది."

ఇరవై రెండేళ్ళు కోర్ట్రైక్ ఆసుపత్రిలో పురుళ్ళు పోశాను.
ఎదురుచూడటం నాకు కొత్త కాదు.
అప్పుడు ఉమ్మనీరు, ఇప్పుడు ఇది.
అప్పుడు పనయ్యాక నా దోసిట్లో
చక్కెర పూసిన బాదం గింజలు పోసేవాళ్ళు.

తాత ఓమెర్ కాఫీ పెట్టాడు.
"మా రోజుల్లో సీసాలో ఏముందని ఎవడూ అడగలేదు.
ఇచ్చారు, తాగాం.
గిల్బేర్ అలాగే తాగి, తిరునాళ్ళ పందెంలో
ఏడో చుట్టుకి సైకిల్ దిగి గట్టు మీద కూర్చున్నాడు.
లేవలేదు. ఇరవై మూడేళ్ళవాడు."
చెంచా తిప్పుతూనే ఉన్నాడు.
కప్పులో చక్కెర వేసుకోనే లేదు.
"ఇప్పుడు నా పావురాల రెట్టలు కూడా పట్టుకెళ్తున్నారు.
ఒకడు గ్లవుజులేసుకుని వచ్చాడు.
వాటి సంతకం అక్కర్లేదా బాబూ, అని అడిగాను."
నవ్వాను, ఫారంలోకి చూస్తూ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళు
ఈ పనిలో నాకు ఒక్కరూ తగల్లేదు.
లీజ్ దగ్గర ఒక పిల్ల ఉండేది,
వెళ్ళినప్పుడల్లా వేడివేడి వాఫుల్ పెట్టేది.
నాలుగేళ్ళకి పేపర్లో ఆమె ఫొటో చూశాను.
ఆ రోజు నుంచి ఎవరింట్లోనూ ఏమీ ముట్టను.
ఓమెర్ పోసిన కాఫీ అలాగే చల్లారింది.

ఏడుంబావుకి "రండి" అంది.
సబ్బు లేకుండా చేతులు కడుక్కుంది.
చొక్కా రొమ్ముల దాకా పైకి,
పైజమా మోకాళ్ళ కిందికి.
కళ్ళు తిప్పుకోకూడదు. దానికే నాకు జీతం.
తిప్పుకోలేదు.
పొత్తికడుపు మీద అడ్డంగా కోత, ఇంకా గులాబీ రంగులోనే,
ఎడమ చివర కుట్టు గట్టిపడి ఉంది.
ఎవరో తొందరలో వేశారు.
ఏప్రిల్‌లో రాళ్ళబాట మీద
ఈ కడుపుతోనా తల్లీ హ్యాండిల్ మీదకి వంగావు?
అడగలేదు. దానికి ఫారంలో గడి లేదు.

అరవై. డెబ్బై. అక్కడ ఆగింది.
ఇద్దరం ఆ గీత వైపే చూస్తున్నాం,
బావిలోకి చూసినట్టు.
వంటింట్లో పాప ఏడ్చింది.
ఆ ఏడుపుకి ఒళ్ళు దానంతటదే వదిలింది.
తొంభై రెండు.

ఎ సీసా, బి సీసా. మూత కటకటమని బిగిసింది,
ఇక పగలగొడితే తప్ప ఊడదు.
పేరు ఇక్కడే ఉండిపోతుంది, వెళ్ళేది అంకె.
కావాలంటే పదేళ్ళు మంచులో దాచుకుంటారు.
అప్పటికి పాప సైకిలు తొక్కుతుంటుంది.
ఏం తేలిందో నాకెవరూ చెప్పరు.

చివర్లో ఒక ఖాళీ ఉంటుంది:
చెప్పదలచినది ఏమైనా ఉంటే.
ఎప్పుడూ అడ్డగీత గీసే మనిషి
ఈసారి కలం ఆపి, ఆలోచించి రాసింది:
"గంట నొక్కద్దు. తలుపు కొట్టండి. మెల్లగా."

కారులో కూర్చుని నిబంధనల పుస్తకం తిరగేశాను.
మెల్లగా కొట్టకూడదని ఎక్కడా లేదు.
వినబడేలా కొట్టాలని మాత్రం ఉంది.