చేదు లెక్క

స్పాల్డింగ్ పొలాల్లో జనవరి మంచు.
మోకాళ్ల బూట్లతో వంగి డాక్టర్ హెస్టర్
బుల్లి క్యాబేజీల్ని
కాడ నుంచి పుటుక్కున విరుస్తుంది.

ల్యాబులో వాటిని గడ్డకట్టించి
రోట్లో నూరేది నేను.
గంధకం వాసన జుట్టు పట్టుకుని ఇంటిదాకా వస్తుంది.
బస్సులో నా పక్కసీటు ఎప్పుడూ ఖాళీ.

యంత్రం గీసిన గీత మీద
ఏడో నిమిషం దగ్గర ఒక శిఖరం.
అదే చేదు.
సూపర్‌మార్కెట్ వాళ్లు సగానికి దించమన్నారు.
ఆరేళ్లు పట్టింది.

పదకొండో వంగడం తియ్యగా వచ్చింది.
పిల్లలు మారు అడిగారట.
ఆగస్టులో పురుగులూ మారు అడిగాయి:
ఆకులు జల్లెడలు,
ఈనెలు మాత్రం మాకు వదిలాయి.

రుచి చూసే బల్ల దగ్గర
రిటైరైన లారీ డ్రైవరు విల్ఫ్
నమిలి, ఆగి, మళ్లీ నమిలి
కాగితం మీద రాశాడు:
"ఎవరిదో మర్యాద తింటున్నట్టుంది."

హెస్టర్ నవ్వలేదు.
ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని
పాత విత్తనాల డబ్బా మూత తీసింది.

కాకరకాయకి ఉప్పు రాసి పిండుతాం మేము, అన్నాను.
మొత్తం పోనివ్వం.
కొంచెం ఉంచుతాం.

ఎంత? అంది, పెన్ను తీసి.

పిడికిలి బిగించి,
కాస్త వదిలి
చూపించాను.