బార్లీ కోతలయ్యాక

హన్‌తాన్ నది ఒడ్డున నా ఉద్యోగం కర్ర చూడటం.
నీళ్లలో పాతిన కర్ర, ఎరుపూ తెలుపూ గళ్లు.
పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
మట్టమెంతో యొన్‌చన్ ఆఫీసుకు చెప్పాలి.
ఇప్పుడు మిషన్లొచ్చాయి. అయినా పోయి చూస్తాను,
మిషన్‌కు బురద రంగు తెలియదు.
పైన ప్యొంగ్‌గాంగ్‌లో వాన పడితే
మాకు కబురు చేసేవాళ్లు లేరు.
నదే వచ్చి చెప్పాలి.

ఈ లోయంతా నల్లరాయి.
ఎన్ని లక్షల ఏళ్ల కిందటో ఆ ప్యొంగ్‌గాంగ్ కొండ కక్కిన నిప్పు
చొర్‌వన్ మీదుగా, ఎవర్నీ అడక్కుండా, మా ఊరిదాకా పారి
అలిసిపోయి ఇక్కడ చల్లారింది.
రాతి నిండా చిల్లులు, లోపలి గాలి బయటపడ్డ చోట్లు.
తిరగళ్లకు ఇంతకు మించిన రాయి లేదంటుంది అమ్మ.

అమ్మ తక్ ఓక్‌బున్. తొంభై ఒకటి.
పుట్టినప్పుడు ఈ గుమ్మం జపాను వాళ్లది.
పన్నెండో ఏట ఎవరో పటం మీద గీత గీస్తే ఉత్తరమైంది.
యుద్ధమైపోయాక ఆ గీతే ఒత్తిగిలి పడుకుంటే దక్షిణమైంది.
"నేనెక్కడికీ కదల్లేదురా,
కింది రాయిలా కూచున్నాను. దేశాలే తిరిగాయి."

అక్క ఓక్‌దన్‌ను ప్యొంగ్‌గాంగ్ ఇచ్చారు.
అప్పుడు అదీ ఇదీ ఒకటే,
రైలెక్కితే అన్నం వేళకి చేరిపోవచ్చు.
యాభయ్యో సంవత్సరం, మంచు కరిగిన నెలలో బావ వచ్చాడు.
వాళ్ల తిరగలి పై రాయి పగిలిందట.
మాది గోనెలో చుట్టి భుజానికెత్తుకున్నాడు.
"బార్లీ కోతలయ్యాక తెచ్చిస్తా."

బార్లీ కోతలప్పుడే యుద్ధమొచ్చింది.

అమ్మ ఏడవగా నేను చూడలేదు.
తిట్టగా విన్నాను.
"అరువు ఎగ్గొట్టిన మొహాలు!
నేను వద్దంటూనే ఉన్నా, తాతే ఇచ్చేశాడు."
టోఫు చేసే రోజు తిట్లు రెట్టింపు,
పక్కింటి గడప తొక్కాలి కదా.
నాన్న ఒకసారి సంతలో కొత్తది బేరమాడితే
నడిబజార్లో తగువు పెట్టుకుంది,
మనది రావలసి ఉండగా మళ్లీ కొనడమేమిటని.

విడిపోయిన కుటుంబాల కాగితం నేనే నింపాను.
బంధుత్వం: అక్క.
చిరునామా: స్టేషన్ వెనక, బావి ఉన్న ఇల్లు.
కలవడానికి కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది.
"రాయి" అంది.
ఏం రాయను?
"రాయేరా. తిరగలి రాయి."
కౌంటర్ దగ్గర కుర్రాడు నవ్వలేదు.
ఉన్నదున్నట్టు టైపు చేసుకున్నాడు.
నాలుగుసార్లు చీట్లు తీశారు, మా పేరు రాలేదు.
ఆ తర్వాత చీట్లే ఆగిపోయాయి.

పోయిన జూలైలో మట్టం నాలుగు మీటర్లు దాటింది.
మొక్కజొన్న కాడలు, ఒంటి ప్లాస్టిక్ చెప్పు,
తిరగలి పిడిలా కనిపించిన కొయ్యముక్క ఒకటి.
ఎందుకో తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.
తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.
"మనది రేగు కొయ్య. ఇది పైన్."
పారేస్తుందనుకున్నాను.
పొయ్యి పక్కన ఆరబెట్టింది.

కింది రాయి పెరట్లో ఉంది.
నడిమి ఇనపమేకుకు తుప్పు పట్టకుండా
నెలకోసారి నువ్వులనూనె రాస్తుంది, తడుముకుంటూ.

ఈ పొద్దున మట్టం ఒకటీ పాయింటు తొమ్మిది.
నీళ్లు తేట. పైన వాన లేదు.
అక్కడ బార్లీ పండి ఉంటుంది.