పురుగు మిగిల్చిన పేరు

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల బల్ల.
ఎంసెట్ గైడ్ల కింద, అట్టలూడిన డిక్షనరీల కింద
నడుం విరిగిన పొడుగాటి పుస్తకం.
"అదేందో మాకూ తెలీదమ్మా, కాటాలో వచ్చింది,
ఓ ఇరవై ఇచ్చి తీసకపోండి."
ఇచ్చాను.

పాసింజరు కృష్ణ దాటుతుంటే తెరిచాను.
ఐదు గీతలు, వాటి మీద ఆవగింజలు.
అచ్చయిన ఊరు బ్రాటిస్లావా.
దేశం పేరు ఒక్కటిగానే ఉంది, అప్పటికింకా రెండు కాలేదు.
ఒకటి రెండవడం ఎట్లా ఉంటుందో
బెజవాడ రైల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

రాసినాయన పేరు పురుగు తినేసింది.
తిని తిని విసిగి చివర ఒక్క అక్షరం వదిలింది,
చిన్న సి, దాని నెత్తిన తలకట్టు.
నిజం, మన తలకట్టే.
ఒకటో తరగతిలో మరియరత్నం టీచరు
చెయ్యి పట్టుకుని పలక మీద పెట్టించిందే.
అది పెడితే సి కాస్తా చ అవుతుందని తర్వాత తెలిసింది.
ఆ చలికి
అక్షరానికి కూడా తలగుడ్డ చుట్టారనుకున్నాను.

పగలు గుంటూరు మిర్చియార్డులో కాటా చీటీలు రాస్తాను.
ఎంత కడిగినా వేళ్ళ సందుల్లో తేజ ఘాటు.
ఆదివారాలు గుళ్ళో కీర్తనలకి వాయిస్తాను, ఇరవై ఆరేళ్ళుగా.
పెళ్ళిళ్ళకి, సమాధి కూటాలకి,
ఒకప్పుడు మద్రాసు పరీక్షలకి
పెద్దపెద్ద పేర్లన్నీ వాయించాను.
ఆ పేర్ల ముందు వెన్ను నిటారుగా పెట్టాలి.
తప్పు పోతే వెనక ఎవరో దగ్గుతారు.
ఈయనకి ఎవరు దగ్గుతారు?
ఈ పాటలు ఎట్లా ఉండాలో తెలిసినవాళ్ళు
గుంటూరులో నాతో కలిపి సున్నా.

బడి హాల్లో దొరసానమ్మ వదిలిపోయిన పియానో.
వానలకి చెక్క ఉబ్బింది.
మొదటి పాట అర్థం కాలేదు.
రెండోది, ఎవరో చెప్పులు చేత పట్టుకుని
బురద గట్టు మీద నడుస్తున్నట్టు, ఆగి, మళ్ళీ.
మూడోదాన్లో వేళ్ళు ఆగిపోయాయి.
శుద్ధ మధ్యమం ఉండాల్సిన చోట
స్వరం కాస్త పైకెక్కి కూచుంది.
ప్రతి మధ్యమం.
అరండల్‌పేటలో మా పక్క వాటా కామేశ్వరిగారు
సాయంత్రాలు వీణ మీద లాగి లాగి ఊపే కల్యాణిలో ఉంటుందే, అదే.
ఇక్కడ మాత్రం ఊగదు. చెక్కపెట్టె ఊగనివ్వదు.
ఊగలేని స్వరం ముల్లులా నిలబడాలి.

నిలబడలేదు.
సరిగ్గా ఆ మెట్టే చచ్చిపోయి ఉంది.
నొక్కితే లోపల టక్కుమని కట్టె చప్పుడు.
పొద్దుటి ప్రార్థనలో రెండొందలమంది పిల్లల అరుపుల్లో
అది లేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు,
వాయించే నాకు కూడా.

నోటితో అందించాను.
ఆ చోటు రాగానే, సన్నగా, ఒక్క స్వరం.

కిటికీ అవతల వాచ్‌మన్ మస్తాన్ కొడుకు ఖాజా.
"మధ్యలో మీరు అరుస్తన్నారేంది మేడం?"
"పియానోకి అక్కడ పన్ను ఊడిందిరా."
వాడికి ముందు పళ్ళు రెండూ లేవు.
ఇంకేం అడగలేదు.

గురువారానికి వాడే వచ్చి పక్కన నిలబడ్డాడు.
నేను తల ఊపుతాను, వాడు అందిస్తాడు.
తొమ్మిదిసార్లు వస్తుంది ఆ స్వరం.
ఎనిమిది సరిగ్గా పడ్డాయి. తొమ్మిదోదానికి ముందే దూకాడు.
దూకిందే బాగుంది.

దసరా సెలవల్లో తెనాలి నుంచి
హార్మోనియం జకరయ్య వచ్చి మెట్టు లేపాడు.
దాని కింద ఒక అగ్గిపుల్ల, ఎలక కొరికిన కాగితం,
ఎప్పుడు నా చేతినుంచి రాలిందో, మిరపగింజ.
ఇప్పుడు మోగుతుంది.
ఖాజా మాత్రం మానలేదు.

మొదటి పేజీలో పురుగు తిన్న చోట
పెన్సిల్తో ఏదో ఒక పేరు రాద్దామనుకున్నాను.
రాయలేదు.
చెరిగిపోతుంటే
తలకట్టు ఒక్కటీ దిద్దాను.