పైపులోపట ముడి ఉండొద్దు

వీసా కాయితం మీద నా పేరు కింద
హెల్పర్ అని రాసి ఉంది.
హెల్పరంటే షార్జాల
నిచ్చెన పట్టుకునేటోడు,
గోడకు గాడి కొట్టి ఆ దుమ్ము తినేటోడు,
కరెంటును దూరంకెల్లి చూసేటోడు.

సిరిసిల్లల పదకొండేండ్లు సాంచె నడిపిన.
కరెంటు గురించి నాకు తెలిసింది ఒక్కటే:
వస్తది, పోతది.
పోయినప్పుడు గల్లీ గల్లీ చెవులు ఖాళీ అయ్యేటియి,
ఎక్కడ్నో పసిపిల్ల ఏడుపు అప్పుడు వినబడేది.
అది గోడల ఏ తొవ్వన వస్తదో
ఎన్నడూ అడగలే.

జూన్ నడుమకెల్లి
పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండల పని బంద్.
అందరు స్లాబు కింద అట్టలు పరుచుకొని ఒరుగుతరు.
ఆ రెండున్నర గంటలే నా కాలేజి.
ప్లైవుడ్ చెక్క మీద రెండు స్విచ్చులు, ఒక సాకెట్,
సగం కాలిన హోల్డర్‌ల ఒక బల్బు.
సారు గుల్‌జమాన్, స్వాత్ దిక్కు మనిషి,
గడ్డంల సిమెంటు, చెవి మీద పెన్సిలు.

ఎర్రదేంది?
ఫేజు.
ఎవలు చెప్పిన్రు?
రంగు చెప్పింది ఉస్తాద్.
ప్లయర్ పిడితో ఒక్కటి పెట్టిండు, హెల్మెట్ గల్లుమంది.

రంగంటే ఇంకొకడు చెప్పిన మాట.
వాడు నిన్న నిద్ర మబ్బుల కలిపిండేమో.
టెస్టర్‌ను అడుగు.
ముందుగాల బతికున్న తీగ మీద పెట్టి
టెస్టర్ నిజం చెప్తుందా చూడు.
అటెన్క చచ్చిందనుకున్న తీగ.
మళ్ళ బతికున్నది.
మూడుసార్లు. ఒక్కసారి మరిస్తే
మరిచిన సంగతి యాదికుండ నువ్వుండవు.

మొదటి వారం పద్నాలుగు పైపులు విరగ్గొట్టిన.
స్ప్రింగు దూర్చి మోకాలి మీద వంచుడు
కుస్తీ కాదట, బుజ్జగింపట.
స్టోర్ల వర్గీస్ ఒక్కొక్క పైపూ
నా పేరు మీద రాసుకున్నడు, నవ్వకుండ.

సాంచె మీద నా గొప్పంతా అతుకుడే.
పోగు తెగిందా, రెప్ప కొట్టేలోపట అతికేటోన్ని.
బట్ట మీద అరచెయ్యి పెట్టి జరిపినా
ముడి చేతికి తగిలేది కాదు.
ఆ మాట చెప్తే ఉస్తాద్ మొకం మాడ్చుకున్నడు.

పైపులోపట జాయింటు హరామ్.
అతకాల్నంటే డబ్బాల అతుకు,
మూత తీస్తే కనబడాలె.
తప్పును గోడల పూడ్చినవనుకో
అది పదేండ్లకు పొగై లేస్తది,
అప్పుడు ఆ ఇంట్ల ఎవల పిల్లలు పండుకొని ఉంటరో.

ఆగస్టుల నాలుగో అంతస్తు.
బెడ్రూం నుంచి బాల్కని దాకా, నాలుగు వంపులు.
గుంజుడు తాడు సగంల తెగింది.
ఉస్తాద్ ముడేసిండు, మూడో వంపుల ఇరికింది.
మళ్ళేసిండు, టేపు చుట్టిండు, మళ్ళ ఇరికింది.
పస్తోల తిట్టిండు, ఎవలినో నాకు తెల్వదు.
ఇటియ్యి, అన్న.

రెండు కొసలు ఉమ్మి తడి చేసిన.
ఎడమ బొటనవేలి కింద ఒక కొస,
దాని మెడల కెల్లి రెండోది.
చేతులకే యాదికుంది, నాకు లేదు.
జొన్నగింజంత ముడి.
ఒకటి, రెండు, మూడో వంపు
తాడు బాల్కనిల తల బయటపెట్టింది.

గుల్‌జమాన్ ఆ ముడిని వెల్తురుకు పట్టి చూసిండు,
గోటితో గీకిండు.
ఇంకోసారెయ్యి, అన్నడు. ఏసిన.
మెల్లగ, అన్నడు. మెల్లగ ఏస్తే రాలే,
నవ్వొచ్చింది ఇద్దరికీ.
తీగలు వచ్చినంక ఆ ముడిని పుటుక్కున కోసి
కింద పడేసిండు.
రేపటికెల్లి నీ ప్లయర్ నువ్వు తెచ్చుకో.

రాత్రి ముప్పై రెండు దిర్హాంల ప్లయర్ కొని
మంచం మీద కూసోని అక్కకు ఫోన్ చేసిన.
కండెలు చుట్టుకుంట నాకు అతుకు నేర్పింది
మా భూలక్ష్మక్కనే, నాకప్పుడు తొమ్మిదేండ్లు.
ఏం పని నేర్చుకున్నవు రా ఇన్నొద్దులు? అన్నది.
ముడేసుడు, అన్న.
ఓ పిచ్చోడా, దానికి ఇమానం ఎందుకు రా!

నవ్వు ఆగినంక
వెనుక సాంచెల సప్పుడు ఇనబడ్డది.
ఒక్కపారే ఆగింది.
కరెంటు పోయింది, అన్నది అక్క.
ఎక్కడ పోయిందో చూస్తున్న,
నా మంచం మీది నుంచే, గోడను.